పిడికెడు పాట

కారు తలుపు తీసుకుని దిగిన కొత్త పాస్టరు ముఖం చూసి పద్మకుమారి చేతిలోని చేట జారిపోయింది. అక్కడే కదా మనం ఆగాం! దిగినవాడు ఎవడో పరాయివాడైతే చేట జారేది కాదు. ఆవిడ అంత తేలిగ్గా బెదిరే మనిషి కాదు. దిగినవాడు భాస్కర్. ఆవిడ వేలు పట్టి పలక మీద అక్షరాలు దిద్దించిన భాస్కర్. గెడ్డవలస ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు తీసి కుండలో వేసిన పిడికెడు పిడికెడు బియ్యంతో పాస్టర్ల కాలేజీలో చదువుకున్న భాస్కర్. వాడే ఇప్పుడు తెల్లని అంగీ తొడుక్కుని ఆవిడ కుర్చీలో కూర్చోవడానికీ, ఆవిడ బడికి తాళం వేయించడానికీ వచ్చాడు.

ఈ కథలోకి కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు వెనకటి సంగతి కాస్త చెప్పాలి. బొబ్బిలి నుంచి సాలూరు పోయే దారి పక్కన ఉంది గెడ్డవలస. ఆ ఊరి పాస్టరు కూర్మయ్య. శ్రీకూర్మం మొక్కుకి పుట్టాడని తల్లి పెట్టిన పేరు అది. బాప్తిస్మం రోజున మార్చుకోమంటే, "మాయమ్మ పెట్టిన పేరుతో దేవుడికేటి పేచీ?" అన్నాడు, మార్చుకోలేదు. ఆదివారం బోధ చెప్పేవాడు, తక్కిన రోజులు దుక్కి దున్నేవాడు, పొద్దుటా సాయంత్రం చర్చి పక్క రేకుల షెడ్డులో బడి చెప్పేవాడు. మూడేళ్ళ కిందట, తొలకరికి కాస్త ముందు, జ్వరం తగిలి పోయాడు.

అలాంటప్పుడు ఆ పక్క చర్చిలన్నీ నడిపే క్రైస్తవ సమాజం పెద్దాఫీసు వాళ్ళు ఇంకో పాస్టరును పంపాలి. ఎవడొస్తాడు? అప్పటికి ఆ ఊరికి ఉన్నది గోతుల దారి, పాస్టరుకిచ్చే జీతం కంటితుడుపు. ఎవరూ రాలేదు. దాంతో కూర్మయ్య భార్య పద్మకుమారే మూడు పనులూ ఎత్తుకుంది. బడి ఆవిడకు ముందే అలవాటు. బోధ చెప్పడం నేర్చుకుంది. నాగలి పట్టిన రోజున మాత్రం ఊరు గగ్గోలైంది. ఆడది నాగలి పడితే వాన మొహం చాటేస్తుందని ఆ పక్క నమ్మకం. కూర్మయ్య తమ్ముడు ఎర్రన్న చేలో అడ్డంగా నిలబడి, "వదినా, మా అన్న నాగలి ముట్టుకున్నావంటే నీ గట్టు మీద నా కాలు పడదు" అన్నాడు. ఆవిడ ముట్టుకుంది. ఆ ఏడు వాన మొహం చాటెయ్యడం మాట అటుంచి, గెడ్డ పొంగి దారి మీదకొచ్చింది. అయినా ఎర్రన్న పట్టు పట్టే. మూడేళ్ళుగా వదిన గట్టు తొక్కలేదు, పలకరించలేదు. అన్నదమ్ములు పంచుకోకుండా ఉంచేసిన మెట్టభూమి చెక్క ఒకటి రోడ్డు దాపున ఉంది. దాన్ని ఆవిడ సాగు చేసుకుంటుంటే ఊరుకున్నాడే గాని, ఇచ్చానని అనలేదు.

ఇప్పుడా దారిని వెడల్పు చేసి మంచి రోడ్డు వేశారు. రోడ్డు పడగానే సమాజానికి గెడ్డవలస గుర్తొచ్చింది. ఆడమనిషి ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవకూడదన్న నిబంధన గుర్తొచ్చింది. చర్చీ, బడి షెడ్డూ ఉన్న స్థలం తమదేనని గుర్తొచ్చింది. సాలూరు లారీల ఆసామి ఒకాయన లారీలు నిలుపుకోవడానికి ఆ స్థలం అడుగుతున్నాడని కూడా గుర్తొచ్చింది. మూడేళ్ళు ఏదీ గుర్తులేని వాళ్ళకి అన్నీ ఒక్కసారే గుర్తుకు రావడం చిత్రమే మరి!

ఇక కథలోకి వద్దాం. అది కోతపండగ ఆదివారం. చేట జారింది, నూకలు చెల్లాచెదరయ్యాయి, పద్మకుమారి మాత్రం కిందకు వంగలేదు. కారు వైపు మళ్ళీ చూడకుండా బడి వెనక వంటపాకలోకి వెళ్ళిపోయింది.

వంటపాకలో చిన్నతల్లి పెద్ద డేగిసాలో అన్నం కలుపుతోంది. ముసల్ది నడుం ఒంగిపోయింది గాని నోరు ఒంగలేదు. బడి పిల్లలకు పన్నెండేళ్ళుగా వండి పెడుతున్నది ఆవిడే. అక్కడ తినే పిల్లల తల్లిదండ్రుల్లో సగానికి సగం మంది చెన్నై, హైదరాబాదు ఇళ్ళ కట్టుబడి పనులకు పోయినవాళ్ళు. బడీ ఆ పూట అన్నమూ ఉన్నాయన్న ధైర్యంతోనే పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి రైలెక్కారు. షెడ్డుకి తాళం పడితే వచ్చే నెల ఆ పిల్లలూ సంచుల పక్కన కూర్చుని అదే రైలెక్కాలి. ఇసక మోస్తారు, ఇటికెలు అందిస్తారు. గెడ్డ అవతలి ఊళ్ళో వేరే బడి ఉన్న మాట నిజమే, వానాకాలం మూడు నెలలు గెడ్డ ఎవరు దాటిస్తారు?

గుమ్మంలో నీడ పడింది. భాస్కర్ తల వంచుకుని లోపలికొచ్చాడు.

"టీచరమ్మా" అన్నాడు.

పద్మకుమారి వెనక్కి తిరగలేదు. "టీ తాగుతావేటి?"

"తాగుతాను. ముందు నా మాట వినండి. ఈ ఊరు నేను అడిగి వేయించుకోలేదు టీచరమ్మా. నేను వెళ్ళనంటే ఇంకొకణ్ణి పంపుతామన్నారు."

"పంపనివ్వాల్సింది. ఇంకొకడైతే ఆ గుమ్మం కాడే ఆపుదును. నిన్నెలాగ ఆపుతానురా? నీకు ఈ గుమ్మం కొత్తేటి?"

"బడి సంగతి నాకు ముందు చెప్పలేదు. కార్లో వస్తుంటే చెప్పారు."

"ఇప్పుడు తెలిసింది కదా. ఏటి సేస్తావు?"

వాడు అంగీ చేతులు సవరించుకున్నాడు. గరిటె డేగిసా అంచుకి కొట్టి చిన్నతల్లి అందుకుంది. "ఏట్రా భాస్కరూ, అంగీ ఏసుకున్నాక నోరు పడిపోనాదా? ఆ మూల కూకుని రెండోసారి అన్నం ఎయ్యమని కంచం సూపించీవోడివి నువ్వే కాదేటి?"

"నేనే అమ్మమ్మా."

"మరైతే సెప్పు. ఆ మూల కూకున్న గుంటల్ని లేవగొడతావేటి?"

పద్మకుమారి అప్పుడు తిరిగి చూసింది. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడకు కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చేసరికి ఏది ముందు చూపించాలో తెలియలేదు.

"ఇదుగో భాస్కర్" అంది. "నా కుర్చీ నీకివ్వడం నాకు బాధే. లేదని అబద్ధమాడను. ఇంటికెళ్ళి ఏడుస్తాను, మొహం కడుక్కుంటాను, వచ్చే ఆదివారం చాప మీద కూర్చుని నీ బోధ వింటాను. బడి మాత్రం నీకే కాదు, నిన్ను పంపిన వాళ్ళ తాతలకి కూడా ఇవ్వను. ఆ సంగతి నీకు ముందే తెలిసుండాలి. ఇప్పుడు టీ తాగు."

చిన్నతల్లి పోసి పెట్టిన టీ చల్లారిపోయింది. వాడు నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. అలవాటు పోలేదు వాడికి.

చర్చి నిండిపోయింది. కోతపండగంటే క్రైస్తవుల గడపలే కాదు, పక్క వీధుల హిందువుల గడపలూ వస్తాయి. వాళ్ళ పిల్లలూ ఆ షెడ్డులోనే తింటారు కాబట్టి వాళ్ళూ రోజూ కుండలో పిడికెడు వేస్తారు. బల్ల ముందు గుమ్మడికాయలు, ఆనపకాయలు, చోళ్ళ మూటలు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు పేర్చి ఉన్నాయి. అన్నిటికీ ముందు పద్మకుమారి కోసి తెచ్చిన తొలి వరిపన ఉంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఒక పుంజు కూస్తూనే ఉంది.

పాటలయ్యాయి, భాస్కర్ నాలుగు మాటలు గొణిగాడు, సమాజం అధ్యక్షుడు మురళీమోహన్ లేచాడు. సఫారీ సూటు, నున్నగా దువ్విన జుట్టు, మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. పద్మకుమారి సేవను కొనియాడాడు. ఆవిడ త్యాగాన్ని కొనియాడాడు. కొనియాడటం అయ్యాక చెయ్యి చాపాడు.

"షెడ్డు తాళంచెవి ఇలా ఇవ్వండమ్మా. రేపటి నుంచి మీకు పూర్తి విశ్రాంతి."

తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది. అక్కడే ఉంచుకుంది.

"ఇవ్వనండి" అంది.

ఆయన నవ్వాడు. పిల్లల మీద నవ్వే నవ్వు.

"అమ్మా, మీరు పాస్టరా? రైతా? పంతులమ్మా? ఒక ఆడమనిషికి ఇన్ని పనులెందుకు చెప్పండి. ఏదో ఒకటి ఎంచుకుని హాయిగా ఉండండి."

పద్మకుమారి లేచి నిలబడింది. మూడేళ్ళుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. బయట ఊళ్ళ వాళ్ళతో పుస్తకాల భాష మాట్లాడే ఆవిడ ఆ పూట దాన్ని పక్కన పెట్టేసింది.

"నానెంచుకోలేదండి. నా మొగుడు పోయిననాడే మీకు కబురు పెట్టాను, మీరు రానేదు. పాస్టర్ని పంపమని అడిగాను, రోడ్డు బాగోనేదన్నారు. ఈ ఊర్లో పీనుగులు రోడ్డు బాగయ్యేదాక ఆగవు కదండీ? నానే పాతిపెట్టాను. పెళ్ళిళ్ళు నానే సేశాను. వరి కోసిన ఈ సేత్తోనే పలక దిద్దించాను, ఈ సేత్తోనే రొట్టె విరిచాను. అప్పుడు మీ రూలు ఏ ఊరెళ్ళిందండీ? ఇప్పుడు తారు పోశారు, కారు దిగిపోయారు. కుర్చీ కావాలా, తీసుకోండి. తాళంచెవి మాత్రం ఇవ్వను."

"ఓలమ్మ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆడవాళ్ళ వైపు గౌరి అనే కోడలుపిల్ల చప్పట్లు కొట్టబోయి, చర్చి అని గుర్తొచ్చి చేతులు ముడుచుకుంది.

మురళీమోహన్ నవ్వు మాయమైంది. "స్థలం సమాజానిది."

"స్థలం మీదే. రేకులు ఈ ఊరోళ్ళు ఏసినవి. బెంచీలు ఇదుగో, ఈ దాలయ్య మావ సెక్కినవి."

"అదేం కుదరదు. స్థలం మీదున్న ప్రతి పుల్లా స్థలంతో పాటే. రేకులైనా, బెంచీలైనా, గంటైనా అన్నీ సమాజం సొత్తే. మీరు తాళంచెవి ఇవ్వకపోతే మా వాళ్ళు తాళం పగలగొడతారు. అంతేగా." అని కుర్చీలో కూర్చుని, "కార్యక్రమం కానివ్వండి. వేలం మొదలుపెట్టు భాస్కర్" అన్నాడు.

ఆ వేలం గురించి చెప్పాలి. కోతపండగ నాడు బల్ల ముందు పెట్టినవన్నీ చర్చి వాకిట్లో పాట పెడతారు. అంతటా ఉన్నదే. గెడ్డవలసలో మాత్రం కూర్మయ్య పెట్టిన కట్టుబాట్లున్నాయి. ఆ ఏడాది కుండలో పిడికెడు బియ్యం వేసిన గడపకే పాడే హక్కు. పాస్టరు ఇంటివాళ్ళు పాడకూడదు. డబ్బు లేనివాళ్ళు బియ్యంతో పాడొచ్చు, పిడికెడైనా పాటే. పాస్టరు పిలిచి, ఒకసారి పాట లేచాక, దేవుడి ఎదట పెట్టిన వస్తువు వెనక్కి తీసుకోవడం లేదు. పోయినేడాది ఒక్క ఆనపకాయ కోసం దాలయ్యా, అతని బావా పంతానికి పోయి, కూరకి కాదు, పరువుకి పాడుకున్నారు. అదే రోజు చిన్నతల్లి పిడికెడు బియ్యానికి కోడిపెట్టను పాడితే ఊరు ఊరంతా పెదవి విప్పలేదు. ముసలమ్మ పాట మీద పాడటం ఎవరికీ మనసొప్పలేదు.

బల్లా కుర్చీలూ కానుకలూ వాకిట్లోకి చేర్చాక భాస్కర్ గుమ్మడికాయ ఎత్తి పట్టుకున్నాడు. వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు.

"గుమ్మడికాయ! పాట!"

ఎవరూ పలకలేదు.

"గుమ్మడికాయ" అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా.

గుమ్మడికాయంటే ముందు నోరు తెరిచేది దాలయ్య. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నోటికడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆయన బావ నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. ఆడవాళ్ళు పిల్లల తలల్లో పేలు చూస్తున్నారు. భాస్కర్ గుమ్మడికాయ దించి పుంజును ఎత్తాడు. పుంజు కూసింది, జనం కూయలేదు. చెరకు ఎత్తాడు. చోళ్ళ మూట ఎత్తాడు. ఊరు ఊరంతా నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది.

పద్మకుమారి తెల్లబోయి చూస్తోంది. ఆవిడ ఎవరినీ అడగలేదు. ఇలా చెయ్యమని ఒక్క మాట అనలేదు. గౌరి వైపు చూసింది. గౌరి పెదవి బిగించి కన్ను కొట్టింది. నిన్న కోతల్లో ఆడవాళ్ళంతా ఒక చోట చేరి ఏదో గుసగుసలాడుకుంటే చీరల ఊసనుకుంది ఆవిడ. ఆ క్షణంలో గుండె నిండిపోయి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఈ మూడేళ్ళూ తాను ఒంటరిగా కాడి మోస్తున్నానని ఎంత పొరపాటు పడింది!

మురళీమోహన్‌కు అవమానం తలకెక్కింది. చుట్టూ చూశాడు. దాలయ్య పశువుల పాక కూలిపోయి, ఎద్దులు వానకి తడుస్తున్నాయన్న సంగతి కారు దిగుతుంటేనే ఎవరో ఆయన చెవిన వేశారు. జనానికి ఆశ చూపిస్తే మౌనం అదే విడుతుందనుకున్నాడు. పట్నంలో అలాగే విడుతుంది మరి.

"గుమ్మడికాయలు వద్దా మీకు? మంచిది. ఆ షెడ్డు పాట పెట్టు భాస్కర్. రేకులు, దూలాలు, బెంచీలు, గంట, అన్నీ కలిపి. ఎలాగూ స్థలం ఖాళీ కావాలి. ఎవరికి కావాలో వాళ్ళు పాడుకుంటారు."

పద్మకుమారి చెయ్యి బొడ్లో తాళంచెవి మీదకు పోయింది. పాస్టరు ఇంటిది, ఆవిడ పాడకూడదు.

భాస్కర్ కదల్లేదు. "సార్, ఇక్కడ కట్టుబాటు వేరు. పాట లేచాక వెనక్కి తీసుకోవడం ఉండదు. కుండలో బియ్యం వేసిన గడప ఏదైనా పాడొచ్చు, దేనితోనైనా పాడొచ్చు. ఇంకోసారి ఆలోచించండి."

"పల్లెటూరి కట్టుబాట్లు నాకు చెప్పకు. పిలువు!"

భాస్కర్ జనం వైపు తిరిగాడు. "బడి షెడ్డు! రేకులు, దూలాలు, బెంచీలు, నల్లబల్ల, గంట. పాట!"

వాకిలంతా దాలయ్య వైపు తిరిగింది. ఆయన కంఠం పైకీ కిందకీ ఆడింది. తువ్వాలు నోటి మీంచి కాస్త జారింది. రేకులు నిగనిగలాడుతూ ఎదురుగానే ఉన్నాయి, ఇంటి దగ్గర ఎద్దులకు నీడ లేదు. ఆయన భార్య పక్కనుంచి చూస్తోంది. దాలయ్య తువ్వాలు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుని, ఈసారి రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు.

అప్పుడు జనం వెనక నుంచి గరిటె చప్పుడైంది. వంటపాక గుమ్మంలోంచి చిన్నతల్లి వస్తోంది. దారి ఇచ్చారు. బల్ల ముందుకొచ్చి, చెంగులో కట్టుకున్న బియ్యం విప్పి, గుప్పెట బిగించి ఎత్తింది.

"పిడికెడు బియ్యం" అంది. "నా పాట."

మురళీమోహన్ పకపకా నవ్వాడు. ఆయన పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదని కాసేపటికి గాని ఇద్దరికీ తెలియలేదు.

"పిడికెడు బియ్యం, ఒకటోసారి" అన్నాడు భాస్కర్.

గుమాస్తాకు ముందు వెలిగింది. గబుక్కున లేచాడు. "ఆగండాగండి, నేను పాడతాను!"

గౌరి నడుం మీద చెయ్యేసుకుని ఎదురొచ్చింది. "పాడు బాబూ, నీ గొంతు బాగానే ఉన్నాది. మరి ఈ ఏడు నీ ఇంటి పిడికెడు ఏ కుండలో ఏసినావు? మాకు కనపడనేదు."

ఘొల్లుమంది వాకిలి. గుమాస్తా కూలబడ్డాడు.

"రెండోసారి" అన్నాడు భాస్కర్.

మురళీమోహన్ లేచి వాడి దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు గాని ముందు వరసకు వినిపించింది. "మూడోసారి అన్నావంటే ఈ అంగీ నీ ఒంటి మీద ఉండదు. ఈ చర్చే కాదు, ఇంకే చర్చీ ఉండదు. మీ అమ్మకి మందులు ఎవరు కొంటారో చూసుకో."

భాస్కర్ పద్మకుమారి వైపు చూశాడు. చిన్నప్పుడు ఎక్కం తప్పినప్పుడు ఇలాగే చూసేవాడు, అందించమని. ఆవిడ అందించలేదు. తల దించుకుంది. నా బడి కోసం నీ బతుకు పోగొట్టుకో అని ఏ నోటితో అంటుంది? వాడు కాదంటే కూడా కోప్పడకూడదని మనసులో గట్టిగా అనుకుంది. అనుకుందే గాని, బొడ్లో తాళంచెవిని బట్టపై నుంచి పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"మూడోసారి!"

ఎంత గట్టిగా అన్నాడంటే కాళ్ళు కట్టిన పుంజులన్నీ రెక్కలు కొట్టుకున్నాయి. అన్నాక అంగీ తానే విప్పాడు. మడత పెట్టి మురళీమోహన్ కుర్చీ మీద పెట్టాడు. లోపల చేనేత చొక్కా, చంక దగ్గర చిరుగు.

"నువ్వు తీయించేదేటి సార్, నానే తీసేశాను" అన్నాడు. కాలేజీ భాష పోయి ఊరి మాట వచ్చేసింది వాడికి.

చిన్నతల్లి పిడికెడు బియ్యం బల్ల మీద పోసింది. ఆ వాకిట్లో అప్పుడు లేచిన అరుపులు సాలూరు దాకా వినిపించి ఉంటాయి. దాలయ్య తువ్వాలు గాలిలోకి ఎగరేసి, పక్కనున్న బావని వాటేసుకుని, పోయినేడాది ఆనపకాయ పంతం గుర్తొచ్చి మళ్ళీ వదిలేశాడు.

మురళీమోహన్ ఊరికే ఓడిపోయే మనిషి కాదు. అరుపులు తగ్గేదాకా ఆగి, చల్లగా అన్నాడు. "బాగుంది. ప్రతి పుల్లా మీదే, నేనే అమ్మాను. నేల మాత్రం అమ్మలేదు. రేపు పొద్దున్నే లారీలొస్తాయి. అప్పటికి ఇక్కడ ఏం మిగిలినా తుక్కు కిందే లెక్క. నేల లేని బడిని నెత్తిన పెట్టుకుని తిరగండి."

అందరూ పద్మకుమారి వైపు చూశారు. ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసింది. నడిచి వెళ్ళి షెడ్డు తాళం తానే తీసింది. నల్లబల్లను గోడ మీంచి దించి నెత్తిన పెట్టుకుంది.

"రేపటిదాక ఎందుకండీ" అంది. "నెత్తినే పెట్టుకుంటాం. మా మెట్ట చెక్క ఉన్నాది. పదండర్రా!"

ఇక ఆ మధ్యాహ్నం చూడాలి గెడ్డవలసని! మగవాళ్ళు షెడ్డెక్కి రేకులు విప్పారు. దూలాలు నలుగురేసి భుజాన వేసుకున్నారు. బెంచీలు ఆడవాళ్ళు ఎత్తుకున్నారు. తాను కోరుకున్న రేకుల్ని నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తినవాడు దాలయ్యే. చిన్నతల్లి గంట చేతబట్టి, తన సొత్తు గదా, దారి పొడుగునా మోగిస్తూనే ఉంది. కొత్త తారు రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. ఒక డ్రైవరు కిందకి దిగి, "ఏటి పెళ్ళా, ఊరేగింపా?" అని అడిగితే, "బడి ఇల్లు మారతన్నాది బావా, ఓ సెయ్యెయ్యి" అంది గౌరి. వాడు నిజంగానే ఒక దూలం కొస పట్టుకున్నాడు.

నల్లబల్ల బరువుకి పద్మకుమారి మెడ నొప్పెడుతోంది. అయినా దించలేదు. ఇంత సంతోషం ఆవిడ కూర్మయ్య పోయాక ఎరగదు. పక్కన భాస్కర్ భుజాన దూలంతో నడుస్తున్నాడు. "ఎక్కం గుర్తున్నాదేట్రా?" అంది. "అందించకపోయినా సెప్పాను కదా టీచరమ్మా" అన్నాడు.

మలుపు తిరిగితే మెట్ట చెక్క. చోడి కోసేసిన మోళ్ళ మీద ఎండ పడి మెరుస్తోంది. ముందు పోతున్న దాలయ్య ఠక్కున ఆగాడు. ఆయన వెనక జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. గంట ఆగిపోయింది.

గట్టు ఎక్కకుండా బయటే ఎర్రన్న నిలబడి ఉన్నాడు. చర్చికి రాలేదు, వేలానికి రాలేదు, కబురు మాత్రం ఎవరు చేరేశారో ముందే చేరింది. తలపాగా బిగించి కట్టాడు. చేతిలో నిలువెత్తు గునపం ఉంది.

"ఆగు వదినా, అక్కడే!" అన్నాడు. మూడేళ్ళలో అతని నోటి నుంచి ఆవిడ విన్న మొదటి మాట అది. "ఈ సెక్క పంపకాలవనేదు. సగం మా అన్నది, సగం నాది. నా మాట నేకుండా ఇక్కడ గొయ్యి తవ్వుతావేటి?"

పద్మకుమారి నల్లబల్లను నెత్తి మీంచి దించి కాళ్ళ ముందు నిలబెట్టింది. అలసట, ఆకలి, భయం అన్నీ ఒక్కసారే తెలిశాయి. వెనక్కి తిరిగితే లారీలు, ముందుకెళ్తే గునపం.

"తవ్వుతాను" అంది.

ఎర్రన్న ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఎంతసేపటికీ చూపు తిప్పలేదు. తర్వాత గునపం రెండు చేతులా పైకెత్తి, మూడేళ్ళుగా తొక్కనని ఒట్టేసుకున్న ఆ గట్టు మీద కాలు పెట్టాడు.